మేము చేయుచున్న ముతవల్లీ పని

ధ్వనిని కంప్యూటరులో దాచుట యనగా దానిని అంకెలుగా మార్చుట. గాలిలో ఎడతెగక సాగెడు కదలికను సెకనుకు ఇన్నిమారులని కొలిచి, ఆ కొలతలను వరుసగా వ్రాసి పెట్టుదురు. ఆ ఒక్కొక్క కొలతను నమూనా యనియు, సెకనుకు తీసిన నమూనాల సంఖ్యను నమూనా రేటు అనియు అందురు. టెలిఫోనులో ఈ రేటు చిరకాలముగా 8,000. కాంపాక్ట్ డిస్కులో 44,100. వీడియోలలోను, చలనచిత్రములలోను 48,000. మనిషి మాటను విని అక్షరములుగా వ్రాయు నేటి ప్రోగ్రాములలో పెక్కింటికి 16,000 కావలెను. ఇన్ని కొలమానములు వాడుకలో నున్నప్పుడు ఒకదానినుండి మరొకదానికి మార్చు పనిముట్టు అవసరమగుట సహజమే. అట్టి పనిముట్టు నొకదానిని మేము ముగ్గురము 2017 నుండి చూచుకొనుచున్నాము. ఇది జీతము గల ఉద్యోగము కాదు, బిరుదు గల పదవియు కాదు. దీనిని గూర్చి వ్రాయవలసినదిగా సంపాదకవర్గము వారు అడిగినప్పుడు "ఇందులో కథ యేమున్నది?" అని మాలో ఒకరు అన్నారు. కథ లేకున్నను సంగతి మాత్రము కలదని తలచి వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. ఈ పనిముట్టుకు మేము కర్తలము కాము. అసలు లైబ్రరీ పేరు లిబ్‌శాంపిల్‌రేట్. సాఫ్ట్‌వేరులో లైబ్రరీ యనగా పుస్తకముల గది కాదు. ఇతర ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకొను కోడు. దానిని వ్రాసినవారు ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ డి క్యాస్ట్రో లోపో. శాంపిల్ రేట్ కన్వర్టర్ అను మాటలకు పొడి అక్షరములైన ఎస్, ఆర్, సి లను నిలుపుకొనుచు, దానికి 'సీక్రెట్ రాబిట్ కోడ్' అను రెండవ పేరు కూడ ఆయన పెట్టినారు. గణితములో మునిగినవారికి హాస్యము తెలియదని యెవరన్నారో గాని, కుందేలు పేరు పెట్టుకొన్న గణితమును మేము వేరెక్కడను చూడలేదు. ఆ లైబ్రరీ సి భాషలో నున్నది. దానిని పైథాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు వాడుకొనుటకు వీలుగా కట్టిన ప్యాకేజి మాది. అట్టివి మరికొన్ని కలవు. వానిలో మాది పెద్దది కాదు గనుక పేరు చెప్పుట అవసరము లేదు.

2002లో మొదలై 2016 వరకు ఆ లైబ్రరీ జీపీఎల్ అను లైసెన్సు క్రింద నుండెను. దానిని తమ ప్రోగ్రాములో చేర్చుకొని పంచువారు తమ ప్రోగ్రాము కోడును కూడ అదే విధముగా బయట పెట్టవలెను. అది ఇష్టము లేనివారు రుసుము చెల్లించి వేరు లైసెన్సు పుచ్చుకొనవలెను. 2016లో వెలువడిన 0.1.9 సంచికతో ఆ నియమము తొలగి, రెండే షరతులు గల బీఎస్‌డీ లైసెన్సు వచ్చినది. కోడు రూపముగా పంచినను, నడుచు ప్రోగ్రాముగా పంచినను, రచయితల పేరును, పూచీ లేదన్న ప్రకటనను తీసివేయరాదు. అంతే. ఇక ఎవరైనను, ఎక్కడనైనను, ఏ పనికైనను వాడుకొనవచ్చును. మేము ఈ పనికి పూనుకొన్నది ఆ మరుసటి సంవత్సరమే.

ఈ ఏర్పాటును మన కళాశాలలోని వారికి తెలియజెప్పుటకు ఆంగ్లపు మాటలు అక్కరలేదు. వక్ఫ్ అను మాట చాలును. ఒకరు తమ సొత్తును ప్రజల ఉపయోగమునకు విడిచిపెట్టినచో అది మరల వెనుకకు పుచ్చుకొనరానిది. దానిని చూచుకొను ముతవల్లీ దానికి యజమాని కాడు. గుడి మాన్యములకు ధర్మకర్త యెట్లో వక్ఫ్‌కు ముతవల్లీ అట్లు. అతడు తోటకు నీరు పెట్టవచ్చును, గోడకు సున్నము వేయించవచ్చును, వచ్చిన ఫలము దాత యెవరికి చెందవలెనన్నాడో వారికి చేరునట్లు చూడవచ్చును. అమ్ముకొనుటకు మాత్రము వీలులేదు. మా స్థితియు ఇంచుమించు అదియే. ఇంచుమించు అని యెందుకన్నామనగా, లెక్క అడుగుటకు మాకు పైన బోర్డు లేదు.

ఇప్పుడు రేట్ల సంగతి. 44,100 అను ఈ వింత సంఖ్య యెక్కడిదని విద్యార్థులు తరచుగా అడుగుదురు. గుండ్రముగా 40,000 అనో 45,000 అనో పెట్టుకొనక, ఈ నూరు చిల్లర యేమిటి? కాంపాక్ట్ డిస్కు 1982లో జపానులో అమ్మకమునకు వచ్చుటకు పూర్వము అంకెల రూపములోని సంగీతమును దాచుటకు తగినంత చోటు గల పరికరము ముఖ్యముగా వీడియో టేపు రికార్డరు. అందుచేత ధ్వని కొలతలను బొమ్మలోని గీతలవలె వేషము వేసి వీడియో టేపుపై ఎక్కించెడివారు. ఒక గీతకు 3 నమూనాలు, ఒక్కొక్క ఫీల్డునకు పనికివచ్చు గీతలు 245, సెకనుకు 60 ఫీల్డులు; గుణించినచో 44,100. సెకనుకు 50 ఫీల్డులు చూపు ఐరోపా పద్ధతిలో గీతలు 294. మూడింటితో, యాబదితో గుణించినను మరల 44,100. రెండు పద్ధతులకును ఒకే సంఖ్య కుదిరినది గనుక అదియే నిలిచిపోయినది. ఆ టేపులు నేడు లేవు. వాని నీడ మాత్రము ప్రపంచములోని కోట్ల కొలది పాటలలో నిలిచియున్నది. వృత్తిపరమైన వీడియో, సినిమా పనులకు మాత్రము 48,000 స్థిరపడినది. ఈ రెంటికిని గల నిష్పత్తి 147కు 160. మా ప్యాకేజి చేయు పనిలో అధికభాగము ఈ రెండు చిన్న సంఖ్యల మధ్యనే జరుగుచుండును.

మార్పిడి చేయక, 44,100 రేటున కొలిచిన పాటను 48,000 రేటున మ్రోగించినచో ఏమగును? ఒక నిమిషపు పాట సుమారు 55 సెకండ్లలో ముగియును. గాయకుని శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానము పైకి లేచును. గంభీరమైన కంఠము గల ఖవ్వాలు నవ్వు పుట్టించు గొంతుతో పాడును. సరిగా మార్చవలెనన్నచో నిమిషమునకు గల 26,46,000 కొలతలనుండి 28,80,000 కొలతలను పుట్టింపవలెను. లేని కొలతలను ఎచ్చటనుండి తెత్తుము?

పక్క పక్కనున్న రెండు కొలతలను సరళరేఖతో కలిపి మధ్యవాటిని ఊహించుట అందరికిని మొదట తోచు ఉపాయము. అది చేయవచ్చును, చేసినవారును కలరు. కాని ధ్వని సరళరేఖలలో నడచునది కాదు గనుక అందులో లేని గరగర పుట్టును. సరియైన మార్గమును గణితజ్ఞులు ఎన్నడో చూపినారు. విట్టేకర్ 1915లోను, నైక్విస్ట్ 1928లోను, కోటెల్నికోవ్ 1933లోను, షానన్ 1949లోను ప్రకటించిన వ్రాతలనుండి తేలినదేమనగా, ఒక ధ్వనిలో నమూనా రేటులో సగమునకు మించిన కంపనములు లేనిచో, ఆ కొలతల మధ్యనున్న రూపమంతయు ఆ కొలతలలోనే సంపూర్ణముగా ఇమిడియున్నది. ఇది మొదట చదివినప్పుడు మాకు నమ్మశక్యముగా తోచలేదు. నేటికిని చదివిన ప్రతిసారి ఆశ్చర్యమే. కొత్త కొలత నొకదానిని కట్టుటకు అటునిటు నున్న పాత కొలతలను అనేకముగా తీసికొని, దూరమును బట్టి ఒక్కొక్క దానికి ఒక్కొక్క బరువిచ్చి కూడవలెను. ఆ బరువులు నీటిలో రాయి పడినప్పటి అలలవలె హెచ్చుచు తగ్గుచు, దూరము పోను పోను సన్నగిల్లును. సిద్ధాంతము ప్రకారము ఆ అలలకు అంతము లేదు. యంత్రములో అంతము పెట్టక తప్పదు. ఎక్కడ తెంచవలెను, తెంచుటవలన కలుగు హానిని ఎట్లు తగ్గింపవలెను అనుటలోనే ఈ విద్య యంతయు కలదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జూలియస్ స్మిత్ మరియొకరితో కూడి 1984లో ప్రకటించిన పద్ధతిని లిబ్‌శాంపిల్‌రేట్ అనుసరించినది.

రేటును తగ్గించునప్పుడు మరియొక ప్రమాదము కలదు. 48,000 నుండి 16,000కు మార్చునప్పుడు మూడింట ఒక కొలత నుంచుకొని రెండు పారవేసిన చాలునని తోచును. అట్లు చేసినచో, సెకనుకు 15,000 కంపనములు గల సన్నని ఈల మాయమై పోదు. పగటివేషము వేసికొని 1,000 కంపనములు గల బొంగురు స్వరముగా మాటల మధ్యకు వచ్చి కూర్చుండును. సినిమాలో పరుగెత్తు బండి చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట కూడ ఈ జాతి మోసమే. ఒకసారి లోపల జొరబడిన ఆ వేషగానిని తరువాత ఎవ్వరును గుర్తించి వెళ్ళగొట్టలేరు. కనుక పారవేయుటకు ముందే వడపోయవలెను.

ఈ సిద్ధాంతము తెలిసినవారికి మా పని సులభమని తోచవచ్చును. కాని మాకు వచ్చు ఉత్తరములలో సిద్ధాంతము తక్కువ, టిక్కులు ఎక్కువ. ఒక పల్లెటూరి పాఠశాల ఉపాధ్యాయుడు, తమ తండ్రిగారు చెప్పిన బుర్రకథల క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించుచు మాకు వ్రాసినారు. "అయ్యా, మీ ప్యాకేజి వాడినప్పటినుండి మా నాయనగారు గడియారమును మ్రింగినట్లున్నది. సెకనుకొకసారి టిక్కుమనుచున్నది" అని. ఆయన పొరపాటు పడినారని అనుటకు లేదు. ఎవరికైనను అట్లే చేయవలెనని తోచును. క్యాసెట్టు పెద్దది గనుక దానిని సెకను పొడవు గల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను విడిగా మార్చి, మరల అతికించినారు. కాని ప్రతి కొత్త కొలతకును అటునిటు పొరుగువారు కావలెనని పైన చెప్పితిమి గదా. తునకను విడిగా ఇచ్చినచో దానికి ముందును వెనుకను నిశ్శబ్దమే ఉన్నదని లైబ్రరీ అనుకొనును. అతుకు చోట రెండు నిశ్శబ్దములు ఢీకొని టిక్కుమనును. దీనికొరకే లైబ్రరీలో రెండు రకముల ద్వారములు కలవు: మొత్తము రికార్డును ఒకేమారు ఇచ్చువారికి ఒకటి, కొద్దికొద్దిగా ఇచ్చువారికి గతమును జ్ఞాపకముంచుకొను మరియొకటి. ఆయనకు రెండవ ద్వారము చూపినాము. వారము దినములకు, టిక్కులు లేని నాలుగు సెకండ్ల బుర్రకథను ఆయన మాకు పంపి, పరీక్షలకు వాడుకొనుటకు అనుమతి కూడ వ్రాసి యిచ్చినారు. గుమ్మెట మీద ఒక దెబ్బ, "తందాన" అను వంతపాట, అంతే. దానిని మా పరీక్షలలో చేర్చినాము.

రెండవ ద్వారమును గూర్చియు ఫిర్యాదులు వచ్చును. 1,024 నమూనాల తునకను 147కు 160 చొప్పున మార్చినచో 1,114న్నర కంటె కొంచెము హెచ్చు రావలెను. అర నమూనా ఇచ్చుటకు వీలులేదు గనుక లైబ్రరీ ఒకమారు 1,114, ఒకమారు 1,115 ఇచ్చుచు లెక్క సరిపెట్టుకొనును. ఇది లోపమని మాకు ఏటా అయిదారుగురు తెలియజేయుదురు. ఏటా అదే సమాధానము వ్రాయుదుము. విసుగు రాలేదని చెప్పము.

ఇక సంరక్షణ యనునది చాలవరకు లోకము మారుచుండుటకు మనము సర్దుకొనుట. కోడులో ఒక్క అక్షరము మార్చకున్నను అది చెడిపోవును. బావి అట్లే యున్నను ఊరు దూరమగుట వంటిది. 2020 చివర ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లలో కొత్తరకపు ప్రాసెసర్లను ప్రవేశపెట్టినది. వానికి ప్యాకేజిని వేరుగా కట్టవలసివచ్చినది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుండి, ప్యాకేజిలు కట్టుటకు చిరకాలముగా ఆధారమైన డిస్ట్‌యుటిల్స్ అను భాగమును తీసివేసినారు. మా నిర్మాణపు కోడంతయు తిరిగి వ్రాసినాము. 2024 జూనులో వచ్చిన నమ్‌పై 2.0 తో పాత కట్టుబడులు పొసగలేదు, మరల కట్టినాము. ఇవన్నియు చేసి, వాడుకొనువానికి నిన్న యెట్లున్నదో నేడును అట్లేయున్నదని తోచినచో పని సక్రమముగా జరిగినట్లు. కొత్త ప్రాసెసర్లు గుణకారమును, కూడికను ఒకే అడుగులో చేయగలవు గనుక సమాధానము చివరి అంకెలో పాతవానితో భేదించును. రెండును తప్పు కావు. ఎంతవరకు భేదమును సహింపవచ్చును, ఎక్కడ దానిని దోషమనవలెను అని మేము వాదించుకొన్న రాత్రులు కలవు. మా ఇండ్లలోని వారికి ఆ వాదము ఆస్తి పంపకముల తగవువలె వినబడెనట!

నిజమైన తగవు వేరొకటి వచ్చినది. లిబ్‌శాంపిల్‌రేట్‌లో మార్పిడికి ఐదు మార్గములు కలవు: అలల పద్ధతివి మూడు, మోటువి రెండు. అలల పద్ధతిలో అత్యుత్తమమైనది నెమ్మదిగా నడచును. త్వరితమైనది వేగముగా నడచును గాని, మిగుల్చు కంపనముల పరిధి తక్కువ. వాడుకరి ఏదియు కోరనప్పుడు మా ప్యాకేజి అత్యుత్తమమును ఇచ్చును. ఒక సంస్థవారు, తమకు దినమునకు వేల గంటల ధ్వనిని మార్చవలసియున్నదనియు, కంప్యూటర్ల ఖర్చు భరింపరాకున్నదనియు చెప్పి, కోరనివారికి త్వరితమైనది ఇచ్చునట్లు ఒక సవరణ పంపినారు. ఒకే పంక్తి మార్పు. "చెవికి భేదము తెలియదు, పదిమందికి వినిపించి చూచితిమి" అని వ్రాసినారు. వారు చెప్పినది అసత్యము కాదు.

మా సందేహము చెవిని గూర్చి కాదు. 16,000 రేటు గల ధ్వనిలో ఇముడు కంపనములు హెచ్చుపక్షము 8,000. ఆ లైబ్రరీ పత్రముల ప్రకారమే అత్యుత్తమ మార్గము అందులో సుమారు 97 శాతమును, త్వరిత మార్గము 80 శాతమును నిలుపును. అనగా రెండవదానిలో 6,400 పైనున్నది క్షీణించును. మనిషి కంఠస్వరము అక్కడ లేదు, కాని హల్లులున్నవి. స, ఫ వంటి ఊదు అక్షరముల బలము చాలవరకు 4,000 పైననే యుండును. పాత టెలిఫోను లైనులు 3,400 పైని కంపనములను పోనీయవు గనుకనే, పేరు చెప్పునప్పుడు "ఎస్ ఫర్ సుగర్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని మనము అరచెడివారము. ఉర్దూలో సాల్ అనగా సంవత్సరము, ఫాల్ అనగా శకునము. రెంటికిని భేదము ఆ మొదటి ఊపిరియందే కలదు. సే, సీన్, స్వాద్ అను మూడక్షరములు ఉర్దూలో ఒకే విధముగా పలుకుదురు గనుక వానిని వేరుపరచుట యంత్రమునకు సందర్భమును బట్టియే సాధ్యము. ఇక సకారమును ఫకారమునుండి వేరుచేయు కొద్దిపాటి ఆధారమును కూడ మనమే తీసివేయుట న్యాయమా?

ఇది ఊహాగానము కాదు. 2020లో ప్రజలకు ఉచితముగా విడుదలైన తెలుగు మాటల సంకలన మొకటి 48,000 రేటున ఉన్నది. 2017లో మొజిల్లా వారు మొదలుపెట్టిన కామన్ వాయిస్‌లో, ఎవరైనను తమ గొంతును దానముగా ఇచ్చు పద్ధతిన, ఉర్దూ, తెలుగు రెండును చేరినవి. వానిని తీసికొని మాటలు గుర్తించు యంత్రములకు నేర్పువారు మొట్టమొదట చేయు పని, రేటును 16,000కు దించుట. ఆంగ్లమునకు లక్షల గంటల ధ్వని కలదు; కొంత చెడినను మిగిలినదానితో సరిపుచ్చుకొందురు. మన భాషలకు ఉన్నది కొద్ది. ఉన్న కొద్దిలో అంచు అరిగినచో అరిగిన సంగతియైనను ఎవరికిని తెలియదు, ఏలయనగా ఆ విద్యార్థి మార్గమును కోరుకొనలేదు. మేము ఇచ్చినది పుచ్చుకొన్నాడు. పైగా రెండేండ్ల క్రిందట మా ప్యాకేజితో ప్రయోగము చేసి ఫలితములు ప్రకటించినవాడు, నేడు అదే ప్రయోగమును తిరిగి చేసినచో వేరు అంకెలు వచ్చును. లిబ్రోసా అను ప్రసిద్ధమైన ప్యాకేజి వారు 2023లో తమ సహజ మార్గమును మార్చినప్పుడు, ఆ సంగతిని అందరికి కనబడునట్లు ప్రకటించి మరీ మార్చినారు. మార్చరాదని కాదు, చాటుగా, చవుక కొరకు మార్చరాదని మా అభిప్రాయము.

సవరణను స్వీకరింపలేదు. త్వరిత మార్గమును ఎట్లు కోరవలెనో మొదటి పుటలోనే పెద్ద అక్షరములతో వ్రాసినాము. ఆ సంస్థవారు కొంత కటువుగా వ్రాసి, మా కోడుకు తమ సొంత ప్రతి తీసి మార్చుకొని వెళ్ళినారు. లైసెన్సు ప్రకారము అది వారికి హక్కు. చలివేంద్రమునుండి కుండలో నీరు పట్టుకొనిపోవుటకు ఎవరి సెలవు కావలెను? అయితే మాలో ఒకరికి ఈ తీర్పు నేటికిని సమ్మతము కాదు. వాడుకరులలో నూటికి తొంబది మందికి అక్కరలేని నాణ్యమునకై అందరి విద్యుత్తును ఖర్చు చేయించుచున్నామని ఆయన వాదము. అందులోను బలము లేకపోలేదు. ఓటు వేసినాము, ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు.

ఆ ఒకరే ఇప్పుడు తప్పుకొనదలచినారు. తగవు వలన కాదు, చూపు మందగించినది. ఆయన స్థానములో ఎవరిని చేర్చుకొనవలెనన్న ప్రశ్న మమ్ములను ఏ సాంకేతిక విషయమును వేధింపనంతగా వేధించినది. కారణము 2024 మార్చి 29న బయటపడిన సంగతి. ఎక్స్‌జెడ్ అను కుదింపు ప్యాకేజిని ఫిన్లాండుకు చెందిన ఒక్క మనిషి ఏండ్ల తరబడి ఒంటరిగా చూచుకొనుచుండెను. అలసినాడు. పని ఆలస్యమగుచున్నదని కొందరు అతనిని పదేపదే నిందించినారు. ఆ సమయముననే జియా టాన్ అను పేరుతో ఒకరు వచ్చి, రెండేండ్లకు పైగా ఓపికగా మంచి సవరణలు పంపి, నమ్మకము సంపాదించి, తాళపుచెవులు చేతికి వచ్చిన పిమ్మట 5.6.0, 5.6.1 సంచికలలో దొంగద్వారము పెట్టినారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని శంకించి తవ్వగా అది బయటపడినది. లేనిచో ప్రపంచములోని ఎన్ని సర్వర్ల తలుపులు తెరచుకొనియుండెడివో! ఆ దొంగకోడును దాచినది ఎక్కడ? పరీక్షల కొరకని ఉంచిన ఫైళ్ళలో. మనిషి కన్ను చదువలేని ఫైళ్ళు గనుక ఎవరును వానిని తెరచి చూడలేదు.

మాకును ఒక కొత్త మిత్రుడు ఏడాదిగా సవరణలు పంపుచున్నాడు. చక్కని సవరణలు. మా ముగ్గురిలో ఎవ్వరమును ఆయన ముఖము చూడలేదు. 2024కు పూర్వమైనచో సంతోషముతో తాళపుచెవి ఇచ్చియుందుము. ఇప్పుడు ఆయన పంపిన ప్రతి మంచి పంక్తియు, మంచిది గనుకనే, మమ్ములను రెండుమారులు చదివించుచున్నది. ఇది ఆయనకు అవమానమని మాకు తెలియును. ధ్రువపత్రములు చూపుమని అడుగుదమా అని ఆలోచించి మానినాము. కాగితములు దొంగకు మరింత సులభముగా దొరకును. దానికి బదులు మనిషిని నమ్మవలసిన చోట్లను తగ్గించినాము. ప్యాకేజిలు నిలువయుండు పైపై అను కోశాగారమువారు 2023లో కల్పించిన సౌకర్యముతో, విడుదల ఇప్పుడు మా సొంత కంప్యూటర్లనుండి జరుగదు. బహిరంగమైన కోడునుండి, బహిరంగముగా నడచు యంత్రము కట్టి పంపును. ఇద్దరు ఒప్పుకొననిదే ఏ మార్పును లోపలికి రాదు. మాలో ఎవరు పంపినదైనను ఇదే నియమము. పరీక్షల ధ్వని ఫైళ్ళన్నిటిని తీసివేసి, సూత్రమునుండి అప్పటికప్పుడు పుట్టు స్వరములను పెట్టినాము. సైను తరంగమును పుట్టించు పంక్తిని ఎవరైనను చదివి అర్థము చేసికొనగలరు. అందులో దాగుటకు చోటు లేదు. ఈ పనిలో పెక్కు పాలు చేసినది ఆ కొత్త మిత్రుడే యనుట ధర్మము.

ఒక్క ఫైలు మిగిలినది. నాలుగు సెకండ్ల ఆ బుర్రకథ. దానిని కూడ తొలగించి, అదే లోపమును పట్టగల సూత్రపు స్వరమును పెట్టుటకు ఆయన గడచిన నెల ఒక సవరణ పంపినారు. పరీక్షించినాము, ఆయన స్వరము టిక్కును పాతదానికంటె సూక్ష్మముగా పట్టుచున్నది. మేము చేసిన నియమమును మాకే గుర్తుచేయుచు, చదువరాని ఫైలు ఒక్కటైనను ఉండరాదు గదా అని మర్యాదగా వ్రాసినారు. తప్పుకొనదలచిన మిత్రుడు వెంటనే తన సమ్మతి నొక్కినారు. ఆ ఉపాధ్యాయునికి జాబు వ్రాసినాము. "తీసివేయుడు బాబూ, మా నాయనగారి క్యాసెట్లు నావద్ద భద్రముగానున్నవి" అని ఆయన బదులు వ్రాసినారు. ఏటేటి పైథాన్ కొత్త సంచిక అక్టోబరులో వచ్చును. దానితోపాటు మా విడుదల వెలువడవలెను. రెండవ సమ్మతి మిగిలిన మా ఇద్దరిలో ఒకరు ఇంకను నొక్కవలసియున్నది.